గేటు బయట లైను ఎవరి లెక్కలోది?

మా మావయ్య ముప్పై ఏళ్ళు ట్రైలర్ నడిపాడు. ఇల్లు గాజువాకలో. ఎక్కువగా భీమవరం వైపు నుంచి రొయ్యల రీఫర్ కంటైనర్లు, అంటే ఫ్రిజ్‌లా చల్లగా ఉంచే కంటైనర్లు, పోర్టుకి తోలేవాడు. నేను కంటైనర్ టెర్మినళ్ళకి సిమ్యులేషన్ మోడల్స్ చేస్తాను. అంటే టెర్మినల్‌ని ముందు కంప్యూటర్‌లో నడిపించి, ఎక్కడ పని ఆగుతోంది, ఏం మారిస్తే ఏమవుతుంది అని చూడటం. ఇద్దరి అన్నమూ ఒకే గేటు దగ్గర నుంచి వస్తున్నా, ఆ పని గురించి మేమిద్దరం చాలా ఏళ్ళు మాట్లాడుకోనే లేదు. పండక్కి కలిస్తే పెళ్ళి సంబంధాలూ, మోకాళ్ళ నొప్పులూ, అంతే.

ఒక డిసెంబర్ రాత్రి ఫోన్ చేశాడు. "ఏటమ్మా, పడుకున్నావా? మీ టెర్మినల్ బయటే ఉన్నాను. లైను కదల్లేదు." తూర్పు తీరంలో అది ఏ టెర్మినలో ఇక్కడ రాయను. అంతకు నెల ముందే దానికి నేను ఒక రిపోర్టు ఇచ్చాను. మా అద్దె ఇల్లు దగ్గరే కాబట్టి అన్నం క్యారేజీ పట్టుకుని స్కూటీ మీద వెళ్ళాను.

లైను దాదాపు మూడు కిలోమీటర్లు ఉంది. ట్రైలర్ వెనక ట్రైలర్, మధ్యలో మనిషి దూరేంత సందు కూడా లేదు. సందిస్తే పక్కనుంచి ఇంకో బండి దూరుతుంది. మావయ్య క్యాబిన్ ఎక్కి కూర్చున్నాను. వెనక రీఫర్‌కి కరెంటిచ్చే జెన్‌సెట్ ఆగకుండా మోగుతోంది. రొయ్యలు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి కదా, బండి ఆగినా డీజిల్ ఆగదు.

"మీ లెక్కలో ఒక బండికి ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగాడు.

నా రిపోర్టులో మూడో పేజీ నాకు కంఠతా వచ్చు. "సగటున ముప్పై ఎనిమిది నిమిషాలు మావయ్యా."

ఆయన వాచీ చూసుకున్నాడు. "నేను సాయంత్రం ఏడింటికొచ్చాను. ఇప్పుడు పదకొండున్నర. గేటు దగ్గరికెళ్ళేసరికి పన్నెండవుద్ది. మరి ఈ ఐదు గంటలూ ఎవరి లెక్కలోవి?"

నా దగ్గర జవాబు ఉంది, నోరు మాత్రం రాలేదు. టెర్మినల్ గడియారం గేటు లోపలికి వచ్చాకే మొదలవుతుంది. గేట్-ఇన్ స్కాన్ నుంచి గేట్-అవుట్ స్కాన్ దాకా ఉన్నదే ట్రక్ టర్న్‌అరౌండ్. బయట రోడ్డు మీద గడిచిన కాలం ఏ సిస్టమ్‌లోనూ నమోదు కాదు. సిస్టమ్‌లో లేనిది నా డేటాలో లేదు, డేటాలో లేనిది నా మోడల్‌లో లేదు.

ఇది ఎందుకు రాస్తున్నానో అర్థం కావాలంటే లోపల పని ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి.

బయటి నుంచి చూస్తే టెర్మినల్ అంటే ఆ పెద్ద క్రేన్లే. నిజానికి అది ఒక గొలుసు. ఓడ మీంచి బాక్సు దించేది క్వే క్రేన్. లోపల ఎవరూ కంటైనర్ అనరు, బాక్సు అనే అంటారు. అక్కడి నుంచి యార్డుకి మోసేవి ఇంటర్నల్ ట్రక్కులు. యార్డులో బాక్సుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చేవి ఆర్‌టీజీలు, అంటే రబ్బరు టైర్ల మీద నడిచే గ్యాంట్రీ క్రేన్లు. ఆ వెనక గేటు, గేటు అవతల మా మావయ్య. ఎగుమతి బాక్సుకి ఇదంతా వెనక నుంచి ముందుకి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక ఓడకి ఎక్సెల్‌లో లెక్క వేశాను. 1200 బాక్సులు ఎక్కించాలి, దించాలి. మూడు క్రేన్లు. ఒక్కో క్రేన్ గంటకి సగటున 25 మూవ్‌లు, ఒక బాక్సుని ఎక్కించినా దించినా ఒక మూవ్. 1200ని 75తో భాగిస్తే 16 గంటలు. ఓడ 21 గంటలకి కదిలింది. అందరూ క్రేన్ ఆపరేటర్ల వైపు చూశారు. వాళ్ళ తప్పేమీ లేదు. తప్పు నా భాగహారంలో ఉంది.

మొదటి సంగతి, ఓడలో సరుకు మూడు క్రేన్లకీ సమానంగా పంచుకునేలా ఉండదు. ఓడ పొడవునా బాక్సుల వరసలుంటాయి, వాటిని బేలు అంటారు. బాక్సులు ఏ బేలో ఉంటే క్రేన్ అక్కడే నిలబడాలి. ఒక క్రేన్ వాటాకి 500 వస్తే, దానికే 20 గంటలు. మిగతా రెండూ ముందే ముగించి ఖాళీగా ఉన్నా ఓడ కదలదు. ఓడ బయల్దేరేది సగటు క్రేన్‌ని బట్టి కాదు, ఆఖరి క్రేన్‌ని బట్టి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. క్రేన్‌కి ఒక బాక్సుకి రెండు నిమిషాలు పడుతుందనుకోండి. కింద ట్రక్కు కూడా సగటున రెండు నిమిషాలకొకటి వస్తుందనుకోండి. సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఒక ట్రక్కు ఒక నిమిషానికే వస్తుంది, ఇంకొకటి మూడు నిమిషాలకి వస్తుంది. ముందుగా వచ్చిన ట్రక్కు లైన్లో నిలబడుతుంది, దానివల్ల క్రేన్‌కి ఒరిగేదేమీ లేదు. ఆలస్యంగా వచ్చినప్పుడు మాత్రం క్రేన్ బాక్సుని గాలిలో పట్టుకుని ఊరికే ఉంటుంది. ఆ పోయిన నిమిషం మళ్ళీ రాదు. సగటులో లాభం, నష్టం ఒకదానికొకటి చెల్లిపోయినట్టు కనిపిస్తాయి. నేల మీద నష్టం ఒక్కటే మిగులుతుంది.

క్యూల లెక్క కొత్తదేమీ కాదు. డెన్మార్క్‌లో ఎర్లాంగ్ అనే ఆయన కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ కోసం ఈ లెక్కలు మొదలుపెట్టి 1909లో మొదటి వ్యాసం రాశాడు. ఆ సిద్ధాంతంలో అన్నిటికంటే సులువైన క్యూని తీసుకోండి. ఒకే కౌంటర్, వచ్చేవాళ్ళు తోచినట్టు వస్తారు, పని కూడా ఒకసారి తొందరగా, ఒకసారి నెమ్మదిగా అవుతుంది. కౌంటర్ 80 శాతం సమయం పనిలో ఉంటే అక్కడ సగటున నలుగురు ఉంటారు. 90 శాతం అయితే తొమ్మిది మంది. 95 శాతం అయితే పంతొమ్మిది మంది. పని పెరిగింది కొంచెమే, లైను మాత్రం దాదాపు ఐదింతలయింది. మీటింగుల్లో "మన గేటు 95 శాతం యుటిలైజేషన్‌లో ఉంది" అని గర్వంగా స్లయిడ్ పెట్టినప్పుడల్లా నాకు రోడ్డు మీద లైను కనిపిస్తుంది.

ఇంకొక సూత్రం ఉంది. దాన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. లోపల ఎంతమంది ఉన్నారో అది, గంటకి ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారు అనే రెండిటి గుణకారం. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే రోడ్డు మీద నిలబడి కూడా వాడుకోవచ్చు. ఆ రాత్రి మావయ్య లైన్లో చేరినప్పుడు ముందు ఉన్నవి నూట యాభై దాకా బళ్ళు, ఆయనే లెక్కపెట్టుకున్నాడు. గేటు గంటకి 30 బళ్ళని లోపలికి తీసుకుంటోంది. ఐదు గంటలు. ఏ సిస్టమూ అక్కర్లేదు, డ్రైవర్ కళ్ళు చాలు.

చేత్తో వేసే లెక్క ఇక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే టెర్మినల్ ఒక క్యూ కాదు, ఒకదానికొకటి తగులుకున్న వంద క్యూలు. అక్కడ సిమ్యులేషన్ కావాలి. మేం చేసేదాన్ని డిస్క్రీట్ ఈవెంట్ సిమ్యులేషన్ అంటారు. అందులో కాలం నిమిషం నిమిషం నడవదు, సంఘటన నుంచి సంఘటనకి దూకుతుంది. 10:02కి ట్రక్కు క్రేన్ కిందకి వచ్చింది, 10:04కి బాక్సు దిగింది, 10:11కి యార్డులో ఆర్‌టీజీ దగ్గర మూడో బండిగా నిలబడింది. రెండు సంఘటనల మధ్య ఏమీ మారదు కాబట్టి కంప్యూటర్ అక్కడ ఆగదు. అందుకే టెర్మినల్ నెల రోజుల పని కొన్ని నిమిషాల్లో నడిచిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా ఫ్రెండ్స్‌కి ఒక మాట: మీరు రోజూ రాసే క్లాసులు, ఆబ్జెక్టులు మొదట పుట్టింది ఇలాంటి పని కోసమే. నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులేషన్ కోసం తయారుచేసిన సిమ్యులా భాషలోంచి వచ్చినవే అవి.

మోడల్‌కి సగటు ఇవ్వం, విస్తృతి ఇస్తాం. ఆర్‌టీజీ ఒక బాక్సు ఎత్తడానికి ఎంత పడుతుందో రెండు వారాలు స్టాప్‌వాచ్‌తో నిలబడి రాసుకున్నాను. ఒకసారి 70 సెకన్లు, ఒకసారి ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలని "తేడా పాయింటు" అని తీసేయమన్నారు. తీయలేదు. లైను పుట్టేది ఆ ఎనిమిది నిమిషాల దగ్గరే. మోడల్ ఒకసారి నడిపి వచ్చిన అంకె చెప్పడం కూడా పద్ధతి కాదు. వేర్వేరు రాండమ్ సీడ్‌లతో, అంటే ప్రతిసారీ పాచికలు కొత్తగా వేసినట్టు, ముప్పై సార్లయినా నడిపి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా మారుతోందో చెప్పాలి. ఖాళీ యార్డుతో మొదలయ్యే మొదటి కొన్ని రోజుల ఫలితం పక్కన పెట్టాలి.

అప్పుడు కూడా నా మోడల్ నిజం కంటే వేగంగా నడిచింది. అన్నీ చూశాను, దొరకలేదు. చివరికి ఒక సీనియర్ క్రేన్ ఆపరేటర్‌కి స్క్రీన్ చూపిస్తే, ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా చూసి, "మేడమ్, ఇందులో షిఫ్ట్ ఎన్నింటికి మారుద్ది?" అన్నారు. మారదు. నేను పెట్టలేదు. ఆపరేటర్ దిగాలి, ఇంకొకరు మెట్లెక్కాలి, చెప్పాల్సినవి చెప్పుకోవాలి, ట్రక్ డ్రైవర్లు మారాలి. అది రోజుకి మూడుసార్లు. అది కలిపాక అంకెలు దగ్గరికొచ్చాయి. అప్పటి నుంచి, ఆ పని చేసే మనిషి చూసి ఒప్పుకోకుండా ఏ మోడల్‌నీ నేను బయటికి ఇవ్వలేదు.

ఆ ఎనిమిది నిమిషాల సంగతి చెప్పాలి, ఎందుకంటే టెర్మినల్ ప్రాణం అంతా అక్కడే ఉంది. అటక మీద అడుగున ఉన్న గుండిగ కావాలంటే పైవన్నీ దించాలి కదా, యార్డు కూడా అంతే. ఐదు ఎత్తు పేర్చిన దొంతరలో ఏ బాక్సు ఎప్పుడు కావాలో తెలియకపోతే, మనకి కావలసినదాని మీద సగటున రెండు ఉంటాయి. మూడు ఎత్తే అయితే ఒకటే. పై రెండూ తీసి పక్క దొంతర మీద పెట్టాలి. అవి అక్కడ మళ్ళీ ఇంకెవరి బాక్సుకో అడ్డం. ఈ తీసి పెట్టే పనికి ఎవరూ డబ్బివ్వరు, ఏ రిపోర్టులోనూ మూవ్‌గా లెక్కకి రాదు. యార్డు నిండేకొద్దీ ఎత్తు పెరుగుతుంది, పక్కన పెట్టడానికి ఖాళీ తగ్గుతుంది. మా యార్డ్ ప్లానర్లు 70 శాతం నిండగానే టెన్షన్ పడటం నేను చూశాను. కాగితం మీద ఇంకా 30 శాతం చోటుంది. వాళ్ళకి తెలుసు, అది చోటు కాదు, ఊపిరి.

ఎగుమతి బాక్సుల్లో ఇంకొక చిక్కు. ఓడలో బరువైనవి అడుగున వేయాలి, అంటే ముందు ఎక్కించాలి. ముందు కావాలంటే యార్డులో అవి పైన ఉండాలి. కానీ ట్రైలర్లు బరువు వరసలో రావు, వాటికి వీలైనప్పుడు వస్తాయి. అందుకే ఓడ, దిగే పోర్టు, సైజు, బరువు తరగతి చూసి విడివిడిగా పేరుస్తారు. ఎక్కించే ముందే ప్రతి బాక్సు బరువూ తూచి చెప్పాలనే అంతర్జాతీయ నియమం 2016 జూలై 1 నుంచి వచ్చింది. ఓడల భద్రత కోసం పెట్టిన నియమమే అయినా, యార్డులో పేర్చేవాళ్ళకి అది పెద్ద వరం.

అతి తక్కువ ఎత్తుదించులతో అన్ని బాక్సులనీ వరసగా తీయడం ఎలా అన్న ప్రశ్నకి, లెక్క పెద్దదయ్యేకొద్దీ కచ్చితమైన జవాబు కంప్యూటర్‌కి కూడా అందదు. అందుకని ఒక చిన్న నియమం వాడాం: తీసిన బాక్సుని, దానికంటే ఆలస్యంగా వెళ్ళే బాక్సులే ఉన్న దొంతర మీద పెట్టు. అలాంటివి చాలా ఉంటే, దీనికి అన్నిటికంటే దగ్గరి టైములో కదిలేది చూసుకో. అలాంటిదే లేకపోతే, మొదటి బాక్సు అన్నిటికంటే ఆలస్యంగా కదిలే దొంతర చూసుకో. ఇంతే. మంచి యార్డ్ ప్లానర్ ఎప్పటి నుంచో మనసులో చేస్తున్నదే ఇది. కానీ రాత్రి రెండు గంటలకి, మూడు ఓడలు ఒకేసారి ఉన్నప్పుడు, ఎవరి మనసూ అన్ని దొంతరలనీ పట్టుకోలేదు.

ఇవన్నీ నెల ముందు ఇచ్చిన రిపోర్టులో ఉన్నాయి. ఇంటర్నల్ ట్రక్కుల్ని క్రేన్‌కి ఇన్ని అని కట్టేయకుండా అన్ని క్రేన్లకీ కలిపి వాడమన్నాను. కొత్త ట్రక్కులు కొంటే క్రేన్ దగ్గర లైను ఆర్‌టీజీ దగ్గరికి మారుతుంది తప్ప తగ్గదని చూపించాను. ఓడ సమయం తగ్గింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. ఆ సంతోషంతోనే ఆ డిసెంబర్ రాత్రి క్యారేజీ పట్టుకుని వెళ్ళాను.

అప్పుడు అర్థమైంది ఒకటి. ఓడకి ప్రాధాన్యం ఇవ్వడానికి నేను ఆర్‌టీజీల్ని ఓడ పని వైపు తిప్పాను. గేటు నుంచి వచ్చే బండ్లకి మిగిలినవి తగ్గాయి. లోపల రద్దీ అవుతుందని గేటు దగ్గర నెమ్మదిగా వదిలారు. లోపల 38 నిమిషాలు 38గానే ఉన్నాయి, ఎందుకంటే భారం అంతా గేటు బయటకి వెళ్ళిపోయింది. నా మోడల్ గీత గేటు దగ్గర గీశాను. గీత అవతల పడ్డదంతా ఖర్చు లేనిదిగా మారిపోయింది.

మర్నాడే మోడల్‌లో రోడ్డు కలిపాను. రావడం ఎప్పుడో తెలియాలి కాబట్టి, మావయ్య తోటి డ్రైవర్లు పదకొండు మంది రెండు వారాలు లైన్లో చేరిన టైము నాకు వాట్సాప్‌లో పంపారు. దాంతోపాటు గంటగంటకీ లైను పొడవు ఫోటో. ఆ ఫోటోలే నా డేటా. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య వరదలా వస్తున్నాయి, తెల్లవారుజామున గేటు ఖాళీగా ఉంటోంది. రోజు మొత్తం సగటు చూస్తే గేటు హాయిగా సరిపోతుంది.

స్లాట్ పద్ధతి పెట్టి నడిపిస్తే లైను మాయమైంది. గంటకి ఇన్ని బండ్లు అని ముందే బుక్ చేసుకోవడం. ఆనందంగా మావయ్యకి లాప్‌టాప్‌లో చూపించాను. చిన్న చిన్న పచ్చ బండ్లు వాటి టైముకి వచ్చి గేటులోకి వెళ్ళిపోతున్నాయి. కాసేపు చూశాడు.

"బాగుంది. మరి ముందొచ్చిన బండి ఎక్కడుంటాదమ్మా?"

"ముందు రాదు మావయ్యా, స్లాట్‌కే వస్తుంది."

"రెండొందల యాభై కిలోమీటర్లు తోలుకొచ్చేవాడు టైముకి ఎలాగొస్తాడు? ఓడకి బాక్సులు తీసుకునే ఆఖరి టైము, ఆ కటాఫ్ దాటితే ఓడ పోద్ది. మూడు గంటలు ముందే వస్తాం. వచ్చి డాబా దగ్గరో, సర్వీస్ రోడ్డు మీదో ఆగుతాం. జెన్‌సెట్ అక్కడా మోగుద్ది."

లైను మాయం కాలేదు. గేటు దగ్గర నుంచి హైవే మీదకి మారింది, అంతే. నేను మళ్ళీ గీత గీశాను, ఈసారి కొంచెం దూరంగా. ఇది మన దగ్గరే కాదు. కాలిఫోర్నియాలో 2002లో ఒక చట్టం చేశారు, గేటు దగ్గర ట్రక్కు ఇంజిన్ ఆన్‌లో ఉంచుకుని అరగంటకి మించి ఎదురుచూస్తే టెర్మినల్‌కి 250 డాలర్ల జరిమానా. అపాయింట్‌మెంట్లు పెట్టిన టెర్మినళ్ళకి అందులో వెసులుబాటు. తర్వాత పరిశీలించిన పరిశోధకులకి లైన్లు తగ్గాయనడానికి పెద్దగా ఆధారం దొరకలేదు. సింగపూర్‌ని చూసి నేర్చుకోండి అనేవాళ్ళకి కూడా ఒకటి చెప్పాలి. అక్కడ బాక్సుల్లో చాలా భాగం ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కేవే. వాళ్ళకి గేటు ఒక చిన్న తలుపు. మనకి గేటే సింహద్వారం.

మావయ్య ఆ తర్వాత సంవత్సరం బండి అమ్మేశాడు, మోకాళ్ళు సహకరించలేదు. ఇప్పటికీ నా మోడల్ కొత్త వెర్షన్ చూసేది మొదట ఆయనే. పోయిన నెల మేం ఇద్దరం కూర్చుని ఒక పార్కింగ్ యార్డు గీశాం. గేటుకి నాలుగు కిలోమీటర్ల ఇవతల, 120 బండ్లకి చోటు, రీఫర్లకి ప్లగ్ పాయింట్లు, స్నానాల గదులు. అక్కడి నుంచి టోకెన్ ప్రకారం పిలుస్తారు. వరస పోతుందన్న భయం లేకుండా డ్రైవర్ నాలుగు గంటలు పడుకోవచ్చు. ప్లగ్ పాయింట్లు ఎన్ని ఉండాలన్న దాని మీద ఆయనకీ నాకూ ఇంకా కుదరలేదు. నేను 25 అన్నాను, రొయ్యల సీజన్‌లో నలభై లేకపోతే పనికిరాదంటాడు. ఈ వారం ఆ రెండు అంకెలతోనూ ముప్పై ముప్పై సార్లు నడుపుతున్నాను. ఈ వెర్షన్‌లో బండి పుట్టేది గేటు దగ్గర కాదు. భీమవరంలో, ప్రాసెసింగ్ ప్లాంటు ముందు, బాక్సు తలుపు మూసి సీల్ వేసిన నిమిషం నుంచి దాని గడియారం నడుస్తుంది.